జనరేటర్ లిస్టులో లేని గది

కరెంటు పోయినప్పుడు ఏ గదిలో ఫ్యాను తిరగాలి, ఏ గది ఉక్కలో ఉండాలి అని ముందే తేల్చి చెప్పే కాగితం ఒకటుంటుంది. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కావాలంటే అది లేకుండా ఫైలు కదలదు. ఇప్పుడీ రంగంలోకి వస్తున్న మీరంతా దాన్ని కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పూటలో నింపేస్తారట. నేనూ ఒక పూటలోనే నింపాను. ఆ పూట వెలగబెట్టిన నిర్వాకం గురించే ఈ నాలుగు ముక్కలు. నీతికథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నీతులు చెప్పే ఓపిక నాకు సర్వీసులో ఉన్నప్పుడే లేదు, ఇప్పుడెక్కడిది?

నేను డిప్లొమా చదివిన ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ని. ఖమ్మం చుట్టుపక్కల పత్తి జిన్నింగ్ మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, రెండు సినిమా హాళ్లు, ఒక పెద్ద హోటల్ నా చేతుల మీదుగా వెలిగాయి. రెండువేల దశకం చివర్లో మా కాంట్రాక్టరు నన్ను బూర్గంపాడు అవతల, అడవి మొదలయ్యే చోట కడుతున్న నలభై పడకల ఆస్పత్రికి పంపాడు. ఇల్లు ఖమ్మం శివారు ఖానాపురం హవేలిలో, బతుకు సైటు షెడ్డులో. ఆదివారం బస్సెక్కి ఇంటికొస్తే మా ఆవిడ నా బట్టల సంచి గుమ్మం బయటే పెట్టించేది, సిమెంటు దుమ్ము లోపలికి రాకూడదని.

ఆస్పత్రి కట్టిస్తున్నది ఒక ట్రస్టు. దాని చైర్మన్‌ది తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొగాకు భూములు కొన్న కుటుంబం. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. సొంత భూమి ఇచ్చాడు. కాన్పులకు పైసా తీసుకోకూడదని గోడ మీద రాయించాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. అడవి అంచున మొదటి గ్రీన్ ఆస్పత్రి తనదే కావాలి, గేటు దగ్గర గోల్డ్ రేటింగ్ ఫలకం మెరవాలి. ఆ ఫలకం బిగించడానికి గ్రానైటు దిమ్మెను ఆస్పత్రి గోడలు లేవకముందే కట్టించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా వాళ్లు దాన్ని చూసి నవ్వుకునేవారు.

సర్టిఫికెట్ పనులు చూడటానికి హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు అమ్మాయి వచ్చేది. పాతికేళ్లుంటాయేమో. ఎండలో టోపీ పెట్టుకుని డాబా అంతా తిరిగి, పెయింటు డబ్బాల మీది సన్నక్షరాలు కూడా వదలకుండా చదివేది. ప్రతి మంచి పనికీ ఒక పాయింటు. వాన నీళ్లు నేలలో ఇంకితే పాయింటు, పగలు లైటు వేయకుండా పని జరిగితే పాయింటు. అందుకని మా వాళ్లు ఆమెకు 'పాయింట్ల మేడం' అని పేరు పెట్టారు. జనరేటర్ సంగతికొస్తే, దాని పొగ, చప్పుడు, డీజిలు ఎంత తగ్గితే అంత మంచిది. కాబట్టి కరెంటు పోతే జనరేటర్ మీద నడవాల్సినవి ఏవో ముందే జాబితా రాసివ్వాలి. మొత్తం ఒక పరిమితి దాటకూడదు. చివర్లో పరిశీలకుడొచ్చి మెయిను ఆపించి, జాబితా ప్రకారమే అన్నీ నడుస్తున్నాయా అని చూస్తాడు. మా లెక్కలో ఈ ఒక్క పాయింటు పోయిందంటే గోల్డ్ కాస్తా సిల్వర్ అయిపోతుంది.

ఆ పద్ధతిలో నాకు తప్పేమీ కనిపించదు. జనరేటర్ పొగ ముప్పై ఏళ్లు పీల్చినవాణ్ని, దాన్ని నాకంటే గట్టిగా ఎవడు తిట్టగలడు? తప్పు జాబితా రాసినవాడిది.

దాన్ని ఒక శనివారం మధ్యాహ్నం రాశాను. ఖమ్మం బస్సు దాటిపోతుందన్న తొందర. పెట్టెలో పాత హోటల్ తాలూకు జాబితా ఉంటే తీసి ముందు పెట్టుకున్నాను. రిసెప్షన్ ఏసీలు, లిఫ్టు, ముందున్న ఫౌంటెన్, మేనేజరు గది: అవసరం. నీళ్ల మోటారు: అవసరం లేదు, ట్యాంకు నిండుగా ఉంటే రోజంతా వస్తాయి. వేడినీళ్ల హీటర్లు: అవసరం లేదు. డార్మిటరీ: అవసరం లేదు. రిసెప్షన్ అన్నచోట లాబీ అని, మేనేజరు అన్నచోట చైర్మన్ అని మార్చాను. ఆపరేషన్ థియేటరు, కాన్పుల గది, మందుల ఫ్రిజ్ కలిపాను. మా డ్రాయింగులో కూడా వెనకవైపు పెద్ద హాలుకు డార్మిటరీ అనే రాసి ఉంది. అందులో ఎవరుంటారని నేను ఎవర్నీ అడగలేదు. మొత్తం చూస్తే పరిమితికి సరిగ్గా సరిపోయింది. చైర్మన్ చదివి శభాష్ అన్నాడు, నేను బస్సు అందుకున్నాను.

ఆ హాలు ఎవరి కోసమో వానాకాలంలో గాని తెలియలేదు. ప్రారంభోత్సవం సర్టిఫికెట్ వచ్చాక ఘనంగా చేద్దామనుకుని, కాన్పుల విభాగం మాత్రం ముందే తెరిచారు. వాగులు పొంగితే లోపలి గూడేలకు దారి ఉండదు. అందుకని నెలలు నిండిన ఆడవాళ్లు పది పదిహేను రోజుల ముందే వచ్చి ఆ హాల్లో ఉండేవారు. ఒక్కరే రారు. అత్తో తల్లో, మొగుడు, పెద్దపిల్లలు, అందరూ వస్తారు. నొప్పులు మొదలైనా చివరిదాకా ఆ హాల్లోనే అటూ ఇటూ నడుస్తారు. కాన్పయ్యాక మళ్లీ అక్కడికే వస్తారు. ఆస్పత్రి అంటే వాళ్లకు ఆ హాలే.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది అక్కడి ఆయా. వాగు అవతలి కోయగూడెం మనిషి, ఏడో తరగతి చదివింది, నలభై దాటి ఉంటాయి. కొత్తగా వచ్చేవాళ్లకు మంచం మీద పడుకోవడం దగ్గర్నుంచి పంపు తిప్పడం దాకా వాళ్ల భాషలో చెప్పి, భయం పోగొట్టి నిలబెట్టేది ఆమే. లేడీ డాక్టరు కూడా ఆమె మాట తర్వాతే కత్తెర పట్టుకునేది.

శ్రావణంలో ఒక పొద్దున గాలివాన వచ్చింది. అడవిలో ఎక్కడో లైను మీద చెట్టు పడి తొమ్మిదింటికి కరెంటు పోయింది. లెక్కపెట్టి పది అంకెలు అనేలోపు జనరేటర్ అందుకుంది. చైర్మన్ అప్పుడే కారు దిగుతున్నాడు. ఎదురుగా ఫౌంటెన్ జోరుగా ఎగురుతోంది. ఆయన దాన్ని చూసి నా భుజం తట్టాడు, నేను పొంగిపోయాను. కుండపోత వానలో ఫౌంటెన్ ఎందుకని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ అయింది. హోటల్లో గదికి ఒకరో ఇద్దరో. ఇక్కడ ఒక్కో మనిషి వెనక ఐదుగురు. డాబా మీద సోలార్ హీటరుంది కానీ నాలుగు రోజులుగా ఎండ మొహం లేదు. ఎండ లేనప్పుడు నీళ్లు కాగడానికి అందులో కరెంటు కాయిల్ ఉంటుంది. నా జాబితా పుణ్యమా అని అదీ చల్లగా పడి ఉంది.

ఆయా తడుస్తూ ప్యానెల్ గదికి వచ్చింది.

"సారూ, నీళ్లెప్పుడొస్తయ్?"

"లైను సరిచేశాక వస్తాయమ్మా. అడవిలో కదా, సాయంత్రమో రేపో."

"మరి ముంగట ఫౌంటెన్‌ల ఎగురుతున్నయేంది? అవి నీళ్లు కావా?"

"అది లిస్టులో ఉంది. తప్పనిసరిగా నడవాల్సినవాటి లిస్టు."

"తప్పనిసరా?" అని నా మొహంలోకి చూసింది. "మొన్న కాన్పయిన బాలింత ఉన్నది హాల్ల. ఇయ్యాల వేడినీళ్లు పొయ్యాలె. మా దిక్కు గా ఆచారం తప్పదు. కట్టెల పొయ్యి పెట్టుకుందమంటె మీరే బోర్డు పెట్టిన్రు, పొగ రావద్దని. ఆమె అత్త మూట గడుతున్నది. ఏదన్న జల్దీ చెయ్యున్రి."

లాబీ కనెక్షన్ తీసి మోటారుకు ఇవ్వడం నాకు గంట పని. నేనేం చేశానో తెలుసా? చైర్మన్ని అడగడానికి వెళ్లాను. ఆయన లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను లాబీలో, నా జాబితా చల్లబరిచిన ఏసీ కింద, కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. ముప్పావుగంట. సిగ్గులేని ఆ ముప్పావుగంట గురించి ఎవరికీ చెప్పకుండా చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

పిలుపు రాక, లేచి బయటికొచ్చేసరికి బాలింతవాళ్లు వెళ్లిపోయారు. ఆయా, నేను సైటు జీపులో వాగు దాకా వెంటపడ్డాం. నులకమంచం మీద బాలింత, పైన టార్పాలిన్ పట్టా, మంచం మోస్తూ మొగుడు, మరిది. పసిగుడ్డును రొమ్ముకు కట్టుకుని ముందు నడుస్తున్నది అత్త. ఆయా వాళ్ల భాషలో బతిమాలింది, కోపం చేసింది, చివరికి ఏడ్చింది కూడా. ముసలమ్మ అంతా విని, నాకు అర్థం కావాలని తెలుగులో అన్నది:

"ఇంత పెద్ద ఇల్లు కట్టిన్రు. బాలింతకు పొయ్యనీకె చెంబెడు నీళ్లు లెవ్వు. గసుంటి ఇంట్ల నా కోడలిని ఎట్లుంచాలె?"

"సాయంత్రానికి కరెంటు వస్తుందమ్మా" అన్నాను.

"వచ్చినంక మీరే పోసుకోన్రి" అని నీళ్లలోకి దిగింది.

నడుము లోతు వాగు. మంచం భుజాలకెత్తి దాటారు. అవతలి ఒడ్డున చెట్లలో కలిసిపోయేదాకా ఆయా కదల్లేదు.

ఎనిమిది రోజులకు ఆ బాలింతను జ్వరంతో మళ్లీ మోసుకొచ్చారు. పన్నెండు రోజులు డాక్టరమ్మ ఇంటికి పోకుండా కూర్చుని బతికించింది. బిడ్డకు వేరే తల్లి పాలిచ్చింది. కానీ ఆ తర్వాత అవతలి గూడేల నుంచి ఎవరూ రాలేదు. "నీళ్లు లేని దవాఖాన" అని పేరు పడిపోయింది. ఆ హాలు ఆ వానాకాలమంతా ఖాళీగా ఉంది. దసరా ముందు అవతల ఒక ఆడమనిషి ఇంట్లోనే కాన్పు కష్టమై పోయింది. ఆ సంగతి ఆయా నాకు చెప్పింది, చెప్తూ నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నా వల్ల పోయిందని ఎవరూ అనలేదు. ఆమె ఆస్పత్రికి వస్తే బతికేదని కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ రాకపోవడానికి కారణం నా చేతిరాతలో ఫైల్లో ఉంది.

ఇక పట్టుదల పుట్టింది. కోపం కూడా. ముందు నామీద, తర్వాత మిగతావాళ్ల మీద.

కన్సల్టెంటు అమ్మాయి వచ్చినప్పుడు నేరుగా దండయాత్రకు వెళ్లాను. "మీ పాయింట్లలో బాలింతలకు చోటు లేదా మేడం?" అని గట్టిగానే అరిచాను. ఆమె ఫైలు తెరిచి నా ముందు పెట్టింది.

"సర్, డార్మిటరీకి అవసరం లేదని రాసింది మీరు. నేను గోడలు కొలవగలను, కిటికీలు కొలవగలను. ఆ గదిలో ఎవరుంటారో మీరు చెప్తేనే కదా నాకు తెలిసేది?"

ఫైలు దగ్గరికి లాక్కుని నా రాత నేనే చదువుకున్నాను. ఆమె క్యాలిక్యులేటర్ తీసి నా ఎదురుగానే లెక్క వేసింది. లాబీ ఏసీలు, ఫౌంటెన్, చైర్మన్ గది తీసేస్తే నీళ్ల మోటారు, హీటరు, హాలు ఫ్యాన్లు, లైట్లు అన్నీ పరిమితిలోపలే సరిపోతాయి. పాయింటు కూడా పోదు. కావాల్సిందల్లా సవరించిన జాబితా మీద చైర్మన్ సంతకం.

ఇంత తేలికా అనుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఏమయ్యా, ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లొస్తారు. కరెంటు పోయి వాళ్లు చెమటలు కక్కుతూ కూర్చుంటే నా పరువేం కావాలి? వేడినీళ్లంటావా, ఇంటికెళ్లి కాచుకుంటారు. ఇన్నాళ్లూ కాచుకోలేదా?"

"ఇంటికెళ్లాలంటే మధ్యలో వాగుంది సార్."

"నువ్వు కరెంటు పని చూడవయ్యా."

"ఇదే సార్ కరెంటు పని."

ఆయన నవ్వి పేపరు విప్పుకున్నాడు. అలా మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ పేపరు విప్పుకున్నాడు. నాలుగోసారి నేను వెళ్లలేదు.

నా దగ్గరొక వైర్‌మన్ ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, ఖమ్మం మనిషి, చూపు బాగా తగ్గింది. అయినా తీగ పట్టుకుంటే ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో వేళ్లతోనే చెప్పేవాడు. మార్చి నెలలో, పరిశీలకుడు వచ్చే తేదీ తెలిశాక, ఆయన్ను ప్యానెల్ ముందు కూర్చోబెట్టి చేయాల్సింది చెప్పాను.

"సార్, మీ నౌకరీ పోతది" అన్నాడు.

"మీది కూడా పోతుందేమో పెద్దాయనా."

"నాదేం పోతది? చూపే పోయింది." పంటితో టేపు చింపుకుంటూ కిసుక్కున నవ్వాడు. "ఫౌంటెన్ వైరు మాత్రం నేనే తెంపుత. మొదటిసంది నాకు అదంటే మంట."

రెండు రోజుల్లో మార్చేశాం. దొంగచాటుగా చేశామనుకోకండి. ప్యానెల్ తలుపు మీద కొత్త జాబితా పెద్దక్షరాలతో రాసి అతికించి, కింద నా పేరు, సూపర్‌వైజర్ పర్మిట్ నంబరు వేశాను. ఆ గదికి చైర్మన్ ఒక్కసారైనా రాకపోవడం నా తప్పా?

ఇంకో పని కూడా చేశాను. మీలో తెలివైనవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. జనరేటర్ పెట్టినచోట ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు ఆమోదం తీసుకోవాలి. అందుకు ఇచ్చే డ్రాయింగు మీద సూపర్‌వైజర్ సంతకం ఉంటుంది. కొత్త కనెక్షన్ల ప్రకారమే డ్రాయింగు గీసి, సంతకం చేసి దరఖాస్తుతో పంపాను. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కో తీగా సరిచూసి ఆమోదం రాసిచ్చాడు. ఆమోదం పొందినదాన్ని ఎవడైనా మార్చాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ తనిఖీ, మళ్లీ ఇంకో సూపర్‌వైజర్ సంతకం. కాగితం వల్ల జరిగిన తప్పుకు కాగితంతోనే మేకు కొట్టాను. కొత్త జాబితా మీద చైర్మన్ సంతకం లేదు కాబట్టి సర్టిఫికెట్ ఫైలు మాత్రం పాత జాబితాతోనే ఉండిపోయింది.

పరిశీలకుడు మే నెలలో హైదరాబాదు నుంచి వచ్చాడు. మా వైపు మే నెల ఎండ గురించి చెప్పనక్కర్లేదు, కాకులు కూడా నీడ వదలవు. నెమ్మదైన మనిషి, అట్టకు బిగించిన కాగితాలు, చెవిలో పెన్సిలు. చైర్మన్ ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో ఊరి పెద్దలను పిలిచి లాబీలో కూర్చోబెట్టాడు. ఆయా ఆ పొద్దున ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది. శ్రావణంలో వాగు దాటిపోయిన ఆ ముసలమ్మ.

"ఆమెను ఎందుకు తెచ్చావమ్మా?" అని అడిగాను.

"ఆమె మంచిగున్నదంటె మా గూడేలన్నీ వస్తయ్. ఆమె వద్దంటె ఎవరూ రారు. గా హైద్రాబాదాయన ఏమన్న రాసుకోనియ్ సారూ, మాకు ఈమె రాయాలె."

పదకొండింటికి మెయిను ఆపాను. జనరేటర్ అందుకుంది. లాబీలో ఏసీలు గుర్రుమని ఆగాయి. ఫౌంటెన్ చప్పున కూలబడింది. పెద్దమనుషులు కండువాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. చైర్మన్ మెడ మీద చెమట కాలరులోకి దిగుతుంటే నావైపు వచ్చాడు.

"ఏంటయ్యా ఇది? జనరేటర్ ఆగిపోయిందా?"

"భేషుగ్గా నడుస్తోంది సార్. వెనక్కి రండి, చూపిస్తాను."

హాల్లో పద్దెనిమిది ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఖాళీ మంచాల మధ్య ముసలమ్మ పంపు దగ్గర నిలబడి ఉంది. పరిశీలకుడు ఒక్కో స్విచ్చూ వేసి చూస్తున్నాడు. ఆమె పంపు తిప్పి చెయ్యి పెట్టింది. వేడినీళ్లు. ఆయా మొహం వెలిగిపోయింది. ముసలమ్మ మొహం మాత్రం కదల్లేదు.

"ఎండకాలం మా కుండల నీళ్లు గూడ కాగుతయ్" అన్నది. "వానల్ల వస్తయా?"

ఆ ప్రశ్న నేను చదివిన డిప్లొమాలో ఏ పరీక్షలోనూ అడగలేదు. డాబా మీది కాయిల్ గురించి, జనరేటర్ నుంచి దానికి లాగిన తీగ గురించి చేతనైనంత వివరంగా చెప్పాను. ఆయా మళ్లీ వాళ్ల భాషలో చెప్పింది. చివరికి, "నా పేరు రాసి పెట్టానమ్మా, ఆ తలుపు మీద" అన్నాను కొంచెం గొప్పగానే.

"పేరెందుకు? నీళ్లు కావాలె."

పరిశీలకుడు చెవిలోని పెన్సిలు తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు తెలియదు. తర్వాత చైర్మన్ వైపు తిరిగి చాలా మర్యాదగా చెప్పాడు. "మీరిచ్చిన జాబితా వేరు, ఇక్కడున్నది వేరు. ఇక్కడున్నదే బాగుంది. కానీ జాబితాతో కలవకపోతే నేను పాయింటు ఇవ్వలేను. సవరించిన జాబితా మీద మీరు సంతకం చేస్తే ఇప్పుడే ఒప్పుకుంటాను."

కన్సల్టెంటు అమ్మాయి సంచిలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. సవరించిన జాబితా. టైపు చేసి, సంతకానికి ఖాళీ వదిలి, పెన్ను కూడా పైన పెట్టి తెచ్చింది. ఆ పిల్ల మీద మిగిలి ఉన్న కోపం ఆ క్షణంలో పోయింది.

పెన్ను అందుకుంటే చాలు, గోల్డ్ ఆయనదే. ఊరి పెద్దలంతా హాలు గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తున్నారు. నిజానికి అదే కొంప ముంచింది. ఎవరూ లేకపోతే చేసేవాడేమో.

"నా ఆస్పత్రిలో నాకు చెప్పకుండా తీగలు మార్చినవాడి కాగితం మీద నేను సంతకం పెట్టను" అన్నాడు. నావైపు తిరిగి, "సాయంత్రానికల్లా పాతదాని ప్రకారం మళ్లీ కలుపు" అన్నాడు.

"కలపను సార్."

"ఏంటీ?"

"కలపను. మూడుసార్లు మీ దగ్గరికొచ్చి చెప్పాను. ఒక మనిషి పోయింది. ఇంకోసారి నా చేత్తో ఆ తీగ పీకను. వేరేవాణ్ని పిలిపించుకోండి."

ధైర్యవంతుడిలా నిలబడ్డానని మీరు అనుకోవద్దు. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు, నడుస్తున్న ఇంటి లోను అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను.

మధ్యాహ్నం రెండింటికి కాంట్రాక్టరు ఫోను చేసి సంచి సర్దుకోమన్నాడు. వైర్‌మన్ పెద్దాయన బస్టాండు దాకా నా సంచి మోస్తానని పట్టుబట్టాడు. దారి పొడుగునా ఫౌంటెన్ కూలబడిన తీరు అభినయించి చూపిస్తూ నవ్వించాడు. ఆయన్ను మాత్రం ఎవరూ తీసేయలేదు. ఆ తీగలు ఎటు పోతున్నాయో తెలిసినవాడు ఇంకెవడూ లేడు మరి.

నా తర్వాత వరసగా ఇద్దరు సూపర్‌వైజర్లను తెచ్చారట. ఇద్దరూ ఇన్‌స్పెక్టరు ఆమోదం కాగితం చూసి, దీన్ని మారిస్తే మా పర్మిట్ పోతుందని చేతులెత్తేశారు. ఆస్పత్రికి సిల్వరే వచ్చింది. చైర్మన్ అలిగి ఆ ఫలకం బిగించనివ్వలేదు. గ్రానైటు దిమ్మె ఎక్కి మేకలు పడుకునేవని పెద్దాయన ఫోనులో చెప్పేవాడు.

నేను ఖమ్మంలో ఒక కోల్డ్ స్టోరేజీలో కుదురుకున్నాను. ఆగస్టులో గోదావరి పెరుగుతోందని, బూర్గంపాడు వైపు రెండు రోజులుగా కరెంటు లేదని విన్నాను. ఆదివారం ఇంట్లో ఉండలేకపోయాను. ఎక్కడికని మా ఆవిడ అడగలేదు, గొడుగు మాత్రం చేతికిచ్చింది. బస్సు దిగి ఆటోలో గేటు దాకా వెళ్లేసరికి సన్నటి జల్లు పడుతూనే ఉంది. జనరేటర్ చప్పుడు రోడ్డు మీదికే వినిపిస్తోంది. వాచ్‌మన్ నన్ను చూసి ఆపాలా వద్దా అని ఆలోచించేలోపు వెనకవైపుకు నడిచాను.

హాలు గుమ్మం బయట రబ్బరు చెప్పులు, చిన్నవీ పెద్దవీ, కాలు పెట్టే సందు లేకుండా ఉన్నాయి. వరండా తీగ మీద పసిపిల్లల గుడ్డలు ఆరుతున్నాయి. లోపల స్నానాల గదిలో బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు. తలుపు సందులోంచి ఆవిరి బయటికొస్తోంది. లెక్కపెడదామని గుమ్మంలో నిలబడి మంచాలవైపు చూశాను. తొమ్మిదో పదో మంచం దాకా వచ్చేసరికి ఎదురుగా ఆ ముసలమ్మ వచ్చి నిలబడింది. చేతిలో చెంబు, మోచేతుల దాకా తడి. ఈసారి చిన్న కోడలికో కూతురికో కాన్పయినట్టుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. నేనెవరో ఆమెకు గుర్తులేదు.

"ఎవలు నువ్వు? లోపట బాలింతకు నీళ్లు పోస్తున్నం. మొగోళ్లకు ఈడ ఏం పని? బయటికి నడువ్" అని తలుపు నా మొహం మీదే వేసింది.

నేను గొడుగు తెరుచుకుని బయటికి నడిచాను.